బాబుకి పడదు

పరదేశంలో పండగ సుఖంగా జరగాలన్నా, కుటుంబంతో నాలుగూళ్ళు తిరిగి రావాలన్నా, ఇంట్లో కొత్తగా నడక వచ్చిన పసివాడు ఒకడు ఉండి తీరాలి. లేనివాళ్ళు పక్కింటివాళ్ళను అడిగి రెండు రోజులకు ఎరువు తెచ్చుకోవాలి!

నవ్వకండి. నేను నవ్వడం లేదు.

మాది కైకలూరుకు ఎదురుగా కొల్లేటి లంక. మా అల్లుడు అహరోను రంగూన్లో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. మా అమ్మాయి విక్టోరియాకు నెలలు నిండుతున్నాయని కబురొస్తే, కాన్పు చూసి, బిడ్డకు ఆరో నెలలో అన్నం పెట్టి వద్దామని స్టీమరెక్కాను. ఆ బిడ్డ కృపానందానికి ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. నేనింకా అన్నం పెడుతూనే ఉన్నాను.

ముందు క్రిస్మస్ సంగతి చెబుతాను. రంగూన్లో మన తెలుగువాళ్ళ గుడి ఒకటి ఉంది. పిల్లల్లేని మనిషి అక్కడికి వెళితే ఏం చేయాలి? ఇస్త్రీ చీర కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, ప్రసంగం ఆసాంతం వినాలి. పిల్లవాడు ఉన్న మనిషికి ఆ కష్టం లేదు. లోపల మొదటి కీర్తన ఎత్తుకున్నారో లేదో, మావాడూ ఎత్తుకుంటాడు. అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. వాణ్ణి చంకనేసుకుని నేను బయటికి వచ్చేస్తాను. వాడి తల్లి రాకూడదా అంటారేమో. తల్లి పాటల బృందంలో ఉంది. తండ్రి కానుక పళ్ళెం పట్టాలి. నాకు ఏ ఉద్యోగమూ లేదు కదా!

అలా రెండు క్రిస్మస్‌లు గుడి వరండాలో చెప్పుల మధ్య ఆరాధించాను. లోపల కూచున్నవాళ్ళకు దక్కని జ్ఞానం నాకు దక్కింది. మిల్లు మేస్త్రీ గారి భార్య మడమ ఎడం పక్కకు తొక్కుతుంది. సంఘ పెద్ద ఒకాయన కిందటేడాది జోళ్ళకే అడుగున కొత్త తోలు కొట్టించి, కొత్త జోళ్ళని చెప్పుకుంటున్నాడు. ప్రసంగాలు కూడా విన్నాను, వినలేదని ఎవరూ అనుకోవద్దు. మొదటి ఏడాది ‘ప్రియులారా’ దాకా విన్నాను. రెండో ఏడాది ‘ప్రియు’ దాకా. పిల్లవాడు ఎదుగుతున్నాడు, గొంతూ ఎదగాలి కదా!

ఇక ప్రయాణాలు. ఈస్టరు సెలవుల్లో రైలెక్కి పెగూ వెళ్ళాం. అక్కడ పడుకున్న బుద్ధుడి బొమ్మ ఉంది. ఒక తాటిచెట్టును పడుకోబెట్టి, దాని కొసన ఇంకో తాటిచెట్టును పడుకోబెడితే ఎంతో అంత పొడుగుంటుందట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే, ఆ వాకిట్లో ఒక మేక ఉంది. బాబు మేక దగ్గర ఆగాడు. మేక కూడా బాబు దగ్గర ఆగింది. అమ్మాయీ అల్లుడూ లోపలికి వెళ్ళి బుద్ధుణ్ణి తలనుంచి పాదాలదాకా చూసి, పాదాలనుంచి మళ్ళీ తలదాకా చూసి వచ్చారు. నేను మేకను అలాగే చూశాను. ‘బుద్ధుడు ఎక్కడికీ పోడు కదా అమ్మా, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దువు గానీ’ అంది అమ్మాయి. నిజమే, ఆయన ఎక్కడికీ పోడు. ఏప్రిల్లో బర్మావాళ్ళ కొత్త సంవత్సరానికి వీధంతా ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకుంటారు. ఆ పండగ కూడా నేను మెట్ల కింద, పొడి తువ్వాళ్ళు పట్టుకుని చేసుకున్నాను. బాబు ఏడుసార్లు తడిశాడు. ఏడుసార్లూ ఇంకా పొయ్యమని గంతులేశాడు.

ఇవన్నీ చిన్న లాభాలు. అసలు లాభం మా అల్లుడుగారు కనిపెట్టారు. ఆయన దొరలాంటి మనిషి, నోట అబద్ధం రాదు. అందుకే పాపం, పూర్వం ఎవరైనా భోజనానికి పిలిస్తే, వెళ్ళడం ఇష్టం లేకపోయినా వెళ్ళి తిని వచ్చేవారట. ఇప్పుడు ఆ బాధ తీరింది. రెండే మాటలు: బాబుకి పడదు.

కాకరకాయ బాబుకి పడదు. బాబుకి ఇంతవరకూ కాకరకాయ పెట్టింది లేదు, అయినా తండ్రికి తెలిసిపోయింది. ఆదివారం సాయంత్రం ప్రార్థన కూటం బాబుకి పడదు. గ్రామఫోను ఎంతసేపైనా పడుతుంది. పొయ్యి దగ్గరి పొగ బాబుకి పడదు కాబట్టి తల్లి వంటింట్లోకి రాకూడదు, వంట నేనే చేస్తాను. నేను కనబడకపోతే బాబు ఊరుకోడు కాబట్టి వాణ్ణి చంకనేసుకుని చేస్తాను. అప్పుడు ఆ పొగ ఎటు పోతుందో నాకు తెలియదు. మంచి పొగ.

చూశారా! నోరు తిరగని ఒక పసివాడు, మూడంతస్తుల మేడలో ఒక వాటాను మాట్లాడకుండా ఏలుతున్నాడు. వాడి ఇష్టాలు ఎవరు చెబుతున్నారని అడగకూడదు.

ఇలా సుఖంగా ఉండగా, వానల రోజుల్లో తాతాజీ అని మా కైకలూరు కుర్రాడు మిల్లు పనికి రంగూను వచ్చి, మా ఇంటికి కబురు తెచ్చాడు. లంకలో మా అక్క యేసమ్మ ఉంది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, డెబ్బై దాటింది.

‘బాగానే ఉన్నారండి యేసమ్మగారు. చూపు కాస్త మందగించిందండి. నోరు మాత్రం అలాగే ఉందండి’ అన్నాడు.

‘కిందటి క్రిస్మస్‌కి అరిసెలు వండిందా నాయనా?’

వాడు తల గోక్కున్నాడు. ‘లేదండి. పాటల వాళ్ళం పడవల మీద వెళితే అట్లు పెట్టారండి.’

నా చేతిలో ఉన్న బాబు పాలగిన్నె జారింది. మా లంకలో క్రిస్మస్ పాటలకు వచ్చినవాళ్ళకు అట్లు పెట్టడమంటే ఏమిటో మీకు తెలియదు. పెళ్ళివారికి గంజి పోయడం లాంటిది!

‘ఎందుకని అడిగామండి’ అన్నాడు తాతాజీ. ‘పిండి పోసే చెయ్యి ఓడెక్కి పోయింది, పాకం ఎవరి మొహం చూసి పట్టను అన్నారండి.’

తెలియనివాళ్ళకు చెబుతాను. అరిసెల పాకం ఒక మనిషి పని కాదు. బెల్లం ఉడుకుతుంటే ఒకరు నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి చూస్తూ ఉండాలి. చుక్క ఉండ కట్టిందా, అదే క్షణాన తడి పిండి పడాలి. ఒకరు పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో తిప్పాలి. రెప్పపాటు ముందైతే అరిసె నూనెలో విడిపోతుంది, రెప్పపాటు వెనకైతే ఇటుక అవుతుంది. మా అమ్మ మమ్మల్ని పొయ్యికి చెరో పక్కన కూచోబెట్టిన నాటినుంచీ మా అక్క పాకం చూస్తుంది, నేను పిండి పోస్తాను. ‘ఇప్పుడు’ అని కూడా అనదు మా అక్క. కనుబొమ్మ ఎత్తుతుంది. ఆ కనుబొమ్మ చదవడం వచ్చిన మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే. చూపు మందగించిందంటున్నారు. ఇంకెన్ని క్రిస్మస్‌లకు చుక్క కనబడుతుంది ఆవిడకు?

ఆ పూట అల్లుడుగారు భోజనానికి కూచోగానే అడిగేశాను, ఈ క్రిస్మస్‌కి నన్ను లంకకు తీసుకెళ్ళమని. ఆయన మంచివారు. ‘తప్పకుండానండి అత్తయ్యగారూ! నాకూ సెలవుంది. అందరం వెళ్దాం. పండగ లంకలోనే’ అన్నారు. బాబు నెత్తిన చెయ్యి వేసి మరీ అన్నారు.

డిసెంబరు మొదట్లో స్టీమరెక్కాం. డెక్కు మీద అందరికీ వాంతులు. సముద్రం బాబుకి ఒక్కడికే పడింది. కాకినాడలో దిగి, రైలు పట్టుకుని, తాడేపల్లిగూడెంలో అల్లుడుగారి అక్క ఎలిజబెత్ ఇంట్లో ఒక్క పూట ఆగుదామని దిగాం.

ఆ పూట పెద్దది. బర్మా గొడుగులూ లక్కపెట్టెలూ చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. ఎవరూ మిగలకుండా అందరికీ చూపించాలి కదా! నేను రోజూ పొద్దున్నే నా మూట కట్టుకుని గుమ్మంలో కూచునేదాన్ని.

‘బాబుకి ప్రయాణం బడలిక తీరలేదమ్మా. రేపు వెళ్దాం’ అనేది అమ్మాయి.

అప్పటికి బాబు ఎలిజబెత్ కోళ్ళను తరిమి తరిమి, రెండిటిని చూరెక్కించి, మూడో దాని తోక పట్టుకుని ఉన్నాడు. బడలిక మనిషి మనిషికీ ఒకలా ఉంటుంది.

ఎలిజబెత్ వాణ్ణి ఎత్తుకుని, ‘అయ్యో, ఇలా చిక్కిపోయాడేంటి విక్టోరియా! మీ అమ్మగారు దగ్గరుండి పెట్టట్లేదా ఏంటి?’ అంది.

‘పెడుతూనే ఉంటుంది వదినా, వాడికి పడదు’ అంది నా కడుపున పుట్టిన కూతురు.

గూడెంలో వీధి అయిపోయాక ఏలూరు వచ్చాం. అక్కడ అల్లుడుగారితో చదువుకున్న పాపారావు అనే ఆయన ఉన్నారు. బాబును ఫోటో తీయించి తీరాలన్నారు. స్టూడియోవాడు బాబును ఎత్తు కుర్చీలో కూచోబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, కదలొద్దన్నాడు. కదలొద్దన్న మాటకు ఇంకో అర్థం ఉందనుకునే వయసు వాడిది. చివరికి నన్ను కుర్చీ వెనక కూచోబెట్టి, నా మీద తెర కప్పి, తెర సందులోంచి చెయ్యి చాచి వాడి నడుం పట్టుకోమన్నారు. ఫోటో చక్కగా వచ్చింది. తల్లి, తండ్రి, మధ్యలో బాబు. ‘కుటుంబం అంతా పడింది’ అన్నారు పాపారావుగారు. నిజమే, నేనూ పడ్డాను. బాబు బొత్తాల పక్కన అయిదు వేళ్ళున్నాయి చూడండి, అవి నావే.

ఇంతలో క్రిస్మస్ ముందురోజు రానే వచ్చింది. పొద్దున్నే నా మూట కట్టుకుని, ‘ఇప్పుడు జట్కా ఎక్కితే సాయంత్రానికి లంకలో ఉంటాం’ అన్నాను.

అమ్మాయి అల్లుడి మొహం చూసింది. అల్లుడుగారు పాపారావుగారి మొహం చూశారు. ఆయన గోడ గడియారం చూశారు. ఊళ్ళో పెద్ద గుడిలో పండగ, తరవాత టీ పార్టీ, అందులో ‘రంగూన్ అనుభవాలు’ అని మా అల్లుడుగారి ఉపన్యాసం! నాకు చెప్పకుండానే అంతా నిశ్చయమైపోయింది.

‘ఏవండీ అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి. కొల్లేట్లో చలి కాలం. పడవ ప్రయాణం. బాబుకి…’

‘నీటిగాలమ్మా’ అంది అమ్మాయి. ‘బాబుకి అస్సలు పడదు.’

నేను పెరట్లోకి చూశాను. బాబు కుడితి తొట్టిలో కూచుని ఉన్నాడు. పీకల్దాకా దిగి, రెండు చేతులా కుడితి కొడుతున్నాడు. పాపారావుగారి గేదె పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తోంది.

‘పండగ వెళ్ళాక తీసుకెళ్తానండి’ అన్నారు అల్లుడుగారు.

పండగ వెళ్ళాక అరిసెలు ఎవరికి పెడతారండీ?

‘సరే నాయనా. మీరు ఇక్కడే ఉండండి. నేనొక్కదాన్నీ వెళ్ళి వస్తాను’ అన్నాను.

ఇల్లంతా గొల్లుమంది. గుడిలో బాబును ఎవరు పట్టుకుంటారు? టీ పార్టీలో ఎవరు చూస్తారు? అల్లుడుగారు ఉపన్యాసం ఇస్తుంటే బాబు మైదానంలోకి పోతే ఎలా? అమ్మాయికి కళ్ళనీళ్ళొచ్చాయి. ‘నువ్వు లేకపోతే బాబుకి పడదే అమ్మా!’

అమ్మయ్య! ఎన్నాళ్ళకు నా పక్షాన ఒక మాట దొరికింది! పాలించేవాడి పేరు మీద వచ్చిన మాట, ఎవరూ కాదనకూడదు.

తొట్టిలోంచి వాణ్ణి తీసి, కడిగి, తుడిచి, పొడిగుడ్డలు వేసి, చంకనేసుకుని నిలబడ్డాను. ‘నేను లేకపోతే వీడికి పడదని మీరే అన్నారు. నేను లంకకు వెళుతున్నాను. కాబట్టి వీడూ లంకకు వస్తున్నాడు. ఇక మీకేది పడుతుందో మీరు చూసుకోండి.’

వాళ్ళు చూసుకున్నారు. జట్కాలో అల్లుడుగారు చాలాదూరం ఉపన్యాసం కాగితాన్ని మడుస్తూ విప్పుతూ కూచున్నారు. రంగూన్ అనుభవాలు లోపలే ఉండిపోతే బరువుగానే ఉంటుంది మరి.

గట్టు దగ్గర పడవెక్కాం. నీళ్ళ మీద గూడబాతులు వందల కొద్దీ కూచుని ఉన్నాయి. పడవ దగ్గరికి వెళ్ళేసరికి అన్నీ ఒక్కసారి లేచాయి. బాబు నోరు తెరుచుకుని అలా ఉండిపోయాడు, తరవాత నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయాడు. ఒక్క దగ్గు లేదు, తుమ్ము లేదు. అమ్మాయి రెండుసార్లు నుదురు ముట్టి చూసింది. వాడికి జ్వరం రానందుకు కాస్త నొచ్చుకుందేమో కూడా.

పొద్దు ఇంకా ఉండగానే లంక చేరాం. మా అక్క గట్టు మీదే ఉంది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ‘ఎవరది?’ అంది.

‘నేనక్కా, మాణిక్యాన్ని.’

‘ఏ మాణిక్యం? మాకొక మాణిక్యం ఉండేది. ఆరునెల్లలో వస్తానని ఓడెక్కింది. ఓడ మునిగుంటుంది.’

‘మునగలేదే అక్కా, వచ్చాను.’

‘వస్తే గట్టు మీద నిలబడి ఏడుస్తావేమే? కాళ్ళు కడుక్కుని రా. బియ్యం దంచేశాను. పిండి ఆరిపోతోంది.’

నేను కాళ్ళు కడుక్కోవడం మరిచిపోయాను. ‘నేను వస్తానని నీకెవరు చెప్పారే?’

‘ఎవరు చెబుతారు? ఏటా నానబోస్తాను. ఏటా దంచుతాను. పొద్దుగూకేదాకా చూస్తాను, నువ్వు రావు. ఇక ఆ పిండిని అట్లు పోసుకుంటాను. రెండేళ్ళు అట్లు తిని పాటల వాళ్ళు నన్ను తిట్టుకుంటున్నారు.’

పొయ్యికి అటు అక్క, ఇటు నేను. బెల్లం పొంగింది. అక్క పళ్ళెంలో చుక్క వేసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. చూపుతో కుదరక వేలితో నొక్కి చూసింది. నేను ఆవిడ కనుబొమ్మే చూస్తున్నాను.

సరిగ్గా అప్పుడే బాబు నిద్ర లేచాడు. ‘అమ్మమ్మా!’ అని ఇల్లు ఎగిరిపోయేలా కేక పెట్టాడు.

‘అమ్మా! బాబు నీకోసమే ఏడుస్తున్నాడే. ఒక్క నిమిషం వచ్చి ఎత్తుకోవే!’

అక్క కనుబొమ్మ లేచింది.

నేను పిండి పోశాను. అక్క తెడ్డు తిప్పింది. ‘అల్లుడుగారూ, వాణ్ణి మీరు పట్టుకోండి, పాకం ఆగదు’ అని వెనక్కి తిరక్కుండానే అన్నాను.

ఆయన పట్టుకున్నారు. మొట్టమొదటిసారి అనుకుంటాను, ఎటువైపు తల ఉండాలో కాస్త తడబడ్డారు. బాబు ఆయన జేబులోంచి ఫౌంటెను పెన్ను తీసి గుమ్మం ముందున్న కొల్లేట్లోకి విసిరేశాడు. ఆ వెంటనే ఏడుపు మానేశాడు. తండ్రి బాబుకి పడ్డాడు!

అరిసెలు మెత్తగా, అంచులు ఎర్రగా వచ్చాయి. అల్లుడుగారు రెండోది తింటుండగా మా అక్క అడిగింది.

‘ఏం అబ్బాయ్, దీన్ని మళ్ళీ ఓడెక్కిస్తావా?’

‘ఎక్కించక తప్పదండి పెద్దత్తయ్యగారూ. ఆవిడ లేకపోతే బాబుకి…’

‘బాబు సంగతి నేనడగలేదు నాయనా. వాడికి తల్లుంది, తండ్రున్నాడు, వీపున మోయడానికి ఒక ముసల్ది ఉంది, వాడికేం? నేనడిగేది దీని సంగతి. ఎప్పుడైనా దీన్ని అడిగావా?’

అల్లుడుగారు అరిసె కింద పెట్టారు. నూనె చేతులు తుడుచుకున్నారు. నన్ను చూశారు. ఆయన మంచివారని ముందే చెప్పాను. నిజంగానే అడిగారు.

‘అత్తయ్యగారూ, మీకు అక్కడ ఎలా ఉందండి? మాతో రావాలనుందా, ఇక్కడే ఉండాలనుందా? మీకేది ఇష్టమైతే అదేనండి.’

అమ్మాయి కూడా నావైపు చూసింది. అక్క తెడ్డు ఆపింది. ఓడెక్కిన నాటినుంచీ నన్ను ఎవరైనా ఈ మాట అడుగుతారేమోనని చూస్తున్నాను. చెప్పవలసినవి ఎన్ని కూడబెట్టుకున్నానో! వరండా, చెప్పులు, మేక, తువ్వాళ్ళు, మా అక్క కళ్ళు. అన్నీ గొంతుదాకా వచ్చాయి. నోరు తెరిచాను.

‘రంగూన్లో బాబుకి పాలు చిక్కగా దొరుకుతాయి నాయనా’ అన్నాను.

మా అక్క నుదురు కొట్టుకుంది. ‘ఓసి దిక్కుమాలినదానా’ అంది, అంతే. మళ్ళీ తెడ్డు తిప్పుకుంది.

అందుచేత ఇది రంగూన్ నుంచే రాస్తున్నాను. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు నాకు బాగా తెలుసు. స్టీమరు కదలగానే తెలిసింది. ఇంకొక్కసారి అడిగితే చెబుదామని రోజూ సిద్ధంగా ఉంటున్నాను. మీరెవరైనా అడిగినా చెబుతాను, మొహమాటం లేదు.

ఇప్పుడు మాత్రం అడక్కండి. బాబుకి ఇప్పుడే కునుకు పట్టింది. మాటల చప్పుడు వాడికి పడదు.